కొండెక్కే ఇంజనును ఎక్కడ నిలబడి చూడాలి

(ఛాయాచిత్రకారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం ఒకే ఒక రైలు మార్గం గురించి, దాని మీద నడిచే ఒకే రకం ఇంజను గురించి మాట్లాడతాను. మార్గం నీలగిరి కొండ రైలుది. ఇంజను దాన్ని కొండ మీదికి చేర్చే ఎక్స్ తరగతి ఆవిరి ఇంజను. ఊటీ మనవాళ్లకు కొత్త కాదు. ఈ గదిలో ఉన్నవారిలో సగం మందైనా ఆ రైలెక్కి ఉంటారు, మీ ఫోనుల్లో దాని ఫోటోలు కూడా ఉంటాయి. ఆ ఫోటోల్లో ఎక్కువ భాగం మెట్టుపాళయం ప్లాట్‌ఫారం మీద తీసినవే. ఇంజను ఆగి ఉంటుంది, పక్కన మన పిల్లలు నిలబడి ఉంటారు. కుటుంబానికి అది విలువైన ఫోటోనే. ఇంజను గురించి మాత్రం అది చెప్పేది చాలా తక్కువ. కొండెక్కడానికే తయారైన యంత్రం అది. అది కొండెక్కుతున్నట్టు ఫోటోలో కనిపించాలి.

అందుకే కెమెరా కన్నా ముందు ఇంజను గురించి మాట్లాడతాను. ఎక్కడ నిలబడాలి, ఏ వేళకు వెళ్లాలి, షట్టరు వేగం ఎంత పెట్టాలి అనే ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ యంత్రం పని చేసే తీరులోనే ఉంది.

మెట్టుపాళయం సముద్ర మట్టానికి సుమారు 330 మీటర్ల ఎత్తున ఉంది. ఊటీ 2,200 మీటర్ల పైన ఉంది. రెండింటి మధ్య రైలు దారి 46 కిలోమీటర్లు. దారి మధ్యలోని కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో రైలు వచ్చింది. దారిలో 16 సొరంగాలు, 208 మలుపులు, చిన్నవీ పెద్దవీ కలిపి 250 వంతెనలు. ప్రపంచ వారసత్వ జాబితాలో అప్పటికే ఉన్న డార్జిలింగ్ రైలుకు జోడించి యునెస్కో 2005లో దీన్ని కూడా ఆ జాబితాలో చేర్చింది.

మెట్టుపాళయం నుంచి కల్లార్ దాకా దారి దాదాపు చదునుగా ఉంటుంది. అసలు ఎక్కుడు కల్లార్ దాటాక మొదలై కూనూరు దాకా సాగుతుంది. బాగా నిటారుగా ఉన్న చోట్ల పన్నెండు మీటర్లు ముందుకు పోతే దాదాపు ఒక మీటరు పైకి లేస్తుంది. అంత వాలులో ఇనుప చక్రం ఇనుప పట్టా మీద పట్టు దొరకక జారిపోతుంది. అందుకని పట్టాల నడుమ పళ్లున్న ఉక్కు పట్టీలను రెండు వరుసలుగా బిగించారు. ఒక వరుసలోని పన్ను రెండో వరుసలోని సందుకు ఎదురుగా వస్తుంది. ఇంజను కింద ఉన్న పళ్ల చక్రాలు వాటిని కరుచుకుంటూ పైకి పాకుతాయి. ఎప్పుడూ ఏదో ఒక పన్ను పూర్తి పట్టులో ఉండాలనే ఆ అమరిక. స్విస్ ఇంజనీరు రోమన్ ఆప్ట్ కనిపెట్టిన పద్ధతి ఇది.

ఇప్పుడు తెర మీద చూడండి. ఇంజను పక్కభాగం. ఒకదాని మీద ఒకటిగా రెండు సిలిండర్లు కనిపిస్తున్నాయి కదా? అవతలి వైపు కూడా ఇలాగే ఉంటాయి. మొత్తం నాలుగు. ఒక జత మామూలు చక్రాలను తిప్పుతుంది, ఇంకో జత పళ్ల చక్రాలను తిప్పుతుంది. చదును నేల మీద మొదటి జత ఒక్కటే పని చేస్తుంది. పళ్ల పట్టీ మీదికి రాగానే, మొదటి జతలో పని ముగించుకున్న ఆవిరినే రెండో జతలోకి పంపి మరోసారి పని చేయిస్తారు. స్విట్జర్లాండులోని వింటర్‌టూర్ కర్మాగారం 1914 నుంచి 1952 దాకా విడతలుగా ఈ ఇంజన్లను తయారు చేసి పంపింది. మన దేశంలో ఒకప్పుడు మామూలుగా కనిపించిన ఆవిరి ఇంజనుకు, దీనికి ఉన్న తేడా అంతా ఈ రెండంతస్తుల సిలిండర్లలోనే ఉంది. ముందు నుంచి తీసిన ఫోటోలో ఇది దాదాపు కనిపించదు. కొంచెం పక్కకు జరిగి, నడుము ఎత్తున కెమెరా పట్టుకోండి. అప్పుడు ఇది ఏ ఇంజనో చూసినవారికి వెంటనే తెలుస్తుంది.

ఈ మార్గంలో ఫోటో తీసేవారికి ఎదురయ్యే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఇంజను ఎప్పుడూ రైలుకు దిగువ చివరనే ఉంటుంది. పైకి వెళ్లేటప్పుడు వెనుక నుంచి పెట్టెలను తోస్తుంది. కిందికి వచ్చేటప్పుడు ముందు నడుస్తూ వాటి బరువును కాచుకుంటుంది. కొక్కెం తెగినా పెట్టెలు లోయలోకి జారిపోకుండా ఇంజను అడ్డుగా ఉండాలన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. మనకేమో ఇంజను ముందు రావాలి, దాని మీద ఆవిరి దట్టంగా లేవాలి, వెనుక పెట్టెలు మలుపు తిరుగుతూ ఉండాలి. పత్రికల్లో, క్యాలెండర్లలో చూసి మన మనసులో స్థిరపడిన ఫోటో అది. నీలగిరిలో అలాంటిది దొరకదు. ఇంజను ముందున్నప్పుడు అది దిగుతూ ఉంటుంది కనుక కష్టపడదు, ఆవిరి పలచగా ఉంటుంది. కష్టపడి ఆవిరి చిమ్మేటప్పుడు అది వెనుక ఉంటుంది.

వెలుగు కూడా ఇదే చిక్కును మరింత పెంచుతుంది. కూనూరు ఘాటు తూర్పు, ఆగ్నేయ దిశలకు తిరిగి ఉన్న వాలు. పైకి వెళ్లే రైలు ఉదయం ఏడు దాటాక బయలుదేరుతుంది. అది ఘాటు ఎక్కే వేళకు ఎండ సూటిగా వాలు మీద పడుతుంది. దిగే రైలు మధ్యాహ్నం ఊటీలో బయలుదేరి, మూడు దాటాక కూనూరు విడిచి ఘాటులోకి వస్తుంది. అప్పటికి సూర్యుడు కొండ వెనక్కి ఒరుగుతాడు. లోయ చాలా భాగం నీడలోకి వెళుతుంది. అంటే ఇంజను ముందు నడిచే ఫోటోకు ఆవిరి తక్కువ, వెలుగు కూడా తక్కువ.

చాలామంది ఇక్కడ నిరాశపడి వెనక్కి వస్తారు. నాకు మాత్రం ఈ మార్గంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. ఇంజను ముందుండాలన్న పట్టుదల వదిలేస్తే కొండ మనకు వేరే ఫోటోలు ఇస్తుంది. ఈ ఫోటో చూడండి. ఉదయం, మలుపు లోపలి వైపు నుంచి తీసినది. నాలుగు నీలం పెట్టెలు మనల్ని దాటి పైకి వెళ్లిపోయాయి. చివరన ఇంజను వంగి, భుజం పెట్టి తోస్తున్నట్టు ఉంది. మొదటి పెట్టె కన్నా ఇంజను ఎంత దిగువన ఉందో ఫోటోలోనే తెలుస్తోంది. ఆ ఎత్తుల తేడాయే ఈ రైలు కథ. ముందు నుంచి తీస్తే అది ఎన్నటికీ కనిపించేది కాదు.

వాలు కనిపించాలంటే చిన్న జాగ్రత్త అవసరం. కెమెరాను పట్టాలకు సమాంతరంగా వంచితే కొండ చదునైపోతుంది. అడవిలో నేల అంతా ఏటవాలుగా ఉంటుంది కనుక మన చెయ్యి తెలియకుండానే పట్టా వైపు ఒరుగుతుంది. స్టేషను గోడో, దీపస్తంభమో, నిటారుగా పెరిగిన చెట్టు మొదలో, ఏదో ఒకటి చట్రంలో ఉండేలా చూసుకుని దాన్ని నిలువుగా ఉంచండి. చూసేవారి కంటికి వాలు ఎంతో దానంతట అదే అందుతుంది.

ఇక వేగం. పళ్ల పట్టీ మీద ఈ రైలు గంటకు సుమారు 13 కిలోమీటర్లు మించదు. అంటే సెకనుకు మూడున్నర మీటర్లు. సెకనులో 250వ వంతు షట్టరు తెరిచి ఉంచితే ఆ వ్యవధిలో ఇంజను కదిలేది ఒకటిన్నర సెంటీమీటర్ల లోపే. కాస్త దూరం నుంచి తీస్తే అది ఆగినట్టే పడుతుంది. రైలు అనగానే అలవాటుగా వెయ్యో వంతు పెట్టుకుని, ఆ వెలుగులో కెమెరా సున్నితత్వాన్ని (ఐఎస్‌ఓ) పెంచేసి, గరుకైన ఫోటోలు తెచ్చుకునేవారు ఎందరో. ఇక్కడ ఆ అవసరం లేదు. నిజానికి ఇక్కడ వేగం తగ్గించడంలోనే లాభం ఉంది. ముప్పయ్యో వంతు పెట్టి ఇంజనుతో పాటు కెమెరాను నెమ్మదిగా తిప్పితే వెనుక అడవి గీతలుగా సాగుతుంది, చక్రాల కడ్డీలు కదులుతున్నట్టు తెలుస్తాయి, ఇంజను ఒళ్లు మాత్రం స్పష్టంగా నిలుస్తుంది. చక్రాలను కలిపే కడ్డీ పూర్తిగా కిందికి దిగిన క్షణంలో చక్రం అంతా విప్పారి కనిపిస్తుంది. ఇంత నెమ్మదిగా నడిచే ఇంజను దగ్గర ఆ క్షణాన్ని కంటితో చూసి పట్టుకోవచ్చు.

ఆవిరి గురించి కొంచెం ఎక్కువ సేపు చెప్పాలి. ఇంజను నుంచి వచ్చే తెల్లటిది, నల్లటిది ఒకటి కాదు. తెల్లటిది సిలిండర్లలో పని చేసి బయటికి వచ్చి చల్లబడిన ఆవిరి. నల్లటిది సగం మండిన ఇంధనం. దట్టంగా నల్లటి పొగ వస్తున్నదంటే పొయ్యిలో గాలి చాలడం లేదని, ఇంధనం వృథా అవుతున్నదని అర్థం. పొయ్యి చూసుకునే మంచి ఫైర్‌మన్ దాన్ని ఇష్టపడడు. ఫోటో కోసం నల్లటి పొగ వదలమని ఇంజను సిబ్బందిని అడిగేవారిని చూశాను. దయచేసి అడగకండి. పని బాగా రాని మనిషిలా కనిపించమని వారిని కోరడం అది. పైగా పొగ వచ్చి చేరేది అడవిలోకే.

తెల్లటి ఆవిరికి చలి కావాలి. వేడిగా, పొడిగా ఉన్న గాలిలో అది పొగగొట్టం దాటగానే మాయమవుతుంది. చల్లని, తేమ ఉన్న గాలిలో చాలా సేపు నిలుస్తుంది. ఒకే రైలు, ఒకే ఉదయం. మెట్టుపాళయంలో ఆవిరి పలచగా ఉంటుంది, ఘాటు మధ్యలోని హిల్‌గ్రోవ్ స్టేషను దాటాక మబ్బులా పరుచుకుంటుంది. జనవరి, ఫిబ్రవరి నెలలు నా లెక్కలో అన్నిటికన్నా మంచివి. వానలు తగ్గి గాలి శుభ్రంగా ఉంటుంది, ఉదయం చలి ఇంకా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వల్ల కొండచరియలు విరిగిపడి రైలు నిలిచిపోవడం మామూలు. ఆ నెలల్లో వెళ్లేవారు ముందు రోజు విచారించుకుని బయలుదేరాలి.

ఆవిరి, ఇంజను రెండూ ఒకే చట్రంలో ఉన్నప్పుడు కెమెరా తికమకపడుతుంది. ఇంజను కింది భాగమంతా నూనె పట్టిన ముదురు ఇనుము. చట్రంలో అది ఎక్కువగా ఉంటే కెమెరా దాన్ని వెలిగించబోయి ఆవిరిని సున్నంలా చేసేస్తుంది. ఆవిరి ఎక్కువగా ఉంటే దాన్ని బూడిద రంగుకు దించి ఇంజనును చీకట్లో ముంచుతుంది. ఆవిరి అంచు మీద వెలుగు పడిన చోటు చూసుకుని, అక్కడ వివరం నిలిచేలా వెలుగు కొలత పెట్టండి. నీడలను తరువాత రా ఫైలులో, అంటే కెమెరా కుదించకుండా దాచిన అసలు ఫైలులో, పైకి తెచ్చుకోవచ్చు. ఆవిరిలో పోయిన వివరం మాత్రం తిరిగి రాదు. సూర్యుడికి ఎదురుగా నిలబడి తీస్తే ఆవిరి అంచులు వెండి తీగలా మెరుస్తాయి. ఉదయం ఎక్కే రైలుకు దిగువ నుంచి కన్నా, మలుపు పైభాగం నుంచి తూర్పుకు తిరిగి తీయడానికి ఇదే కారణం.

ముందు వరుసలో ఒకరు అడుగుతున్నారు, ఇదంతా ఫోనుతో వీలవుతుందా అని. వీలవుతుంది. తెర మీద ఆవిరి ఉన్న చోట వేలితో నొక్కి, వెలుగును కొంచెం కిందికి లాగండి. జూమ్ మీద ఆధారపడకండి, దానికి బదులు ముందుగా చోటు ఎంచుకోండి. చివరి పెట్టెలో కిటికీ దగ్గర సీటు దొరికితే పైకి వెళ్లేటప్పుడు ఇంజను మీ పక్కనే ఉంటుంది. మలుపుల్లో లోపలి వైపు కిటికీ నుంచి రైలంతా కనిపిస్తుంది. తలా చెయ్యీ మాత్రం బయట పెట్టవద్దు. సొరంగాల దగ్గర, తొలిచిన రాతి గోడల దగ్గర పెట్టెకూ రాతికీ మధ్య సందు చాలా తక్కువ.

ఇప్పుడు మనుషుల సంగతి. ఇంజను వెనుక ఉంటే డ్రైవరుకు ముందున్న దారి కనిపించదు. మరి రైలు ఎలా నడుస్తుంది? ప్రతి పెట్టెకూ ఒక బ్రేక్స్‌మన్ ఉంటాడు. అన్నిటికన్నా ముందున్న పెట్టె వాకిట్లో నిలబడిన మనిషి దారి చూస్తూ జెండా ఊపుతాడు. అది చూసి వెనుకవాళ్లు సంకేతం అందిస్తారు. దిగేటప్పుడు వీరంతా ఎవరి పెట్టె బ్రేకు వారు చేత్తో బిగిస్తూ, వదులుతూ ఉంటారు. వందేళ్లు దాటిన పద్ధతి, ఇప్పటికీ మనుషుల చేతులతో, కళ్లతో నడుస్తున్నది. ఊటీ రైలు ఫోటోలు వేలల్లో ఉన్నాయి. ఆ బ్రేకు చక్రం మీద ఉన్న చేతుల ఫోటోలు ఎన్ని చూశారు? నాకు ఇది బాధ కలిగించే విషయం. ఇంజనును దేవుడి విగ్రహంలా తీసి, దాన్ని నడిపించేవారిని చట్రం అంచున కోసేస్తున్నాం.

హిల్‌గ్రోవ్‌లో ఇంజను నీళ్లు పట్టుకోవడానికి ఆగుతుంది. ప్రయాణికులు కాఫీలకు, కోతులను చూడడానికి దిగుతారు. ఆ కాస్త సేపట్లో డ్రైవరు నూనె డబ్బా పట్టుకుని ఇంజను చుట్టూ తిరుగుతాడు, ఒక్కొక్క కీలు దగ్గర వంగి, చేతి వెనుక భాగంతో తాకి వేడి చూస్తాడు. ఫైర్‌మన్ నీళ్ల గొట్టం దగ్గర ఉంటాడు. ముందుగా నమస్కారం పెట్టి, ఫోటో తీయవచ్చా అని అడగండి. తమిళం రాకపోయినా ఫరవాలేదు, కెమెరా చూపించి తలాడిస్తే చాలు. పని ఆపి కెమెరా వైపు చూడమని మాత్రం అడగవద్దు.

ఈ దారిలో మనకన్నా చాలా ముందు నడిచిన ఒక ఛాయాచిత్రకారుడిని ఇక్కడ తలుచుకోవాలి. అమెరికాలో ఓ. విన్‌స్టన్ లింక్. సివిల్ ఇంజనీరింగ్ చదివి, న్యూయార్కులో వాణిజ్య ఛాయాచిత్రాలు తీసేవాడు. వర్జీనియా, వెస్ట్ వర్జీనియా ప్రాంతాల్లో నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ అనే రైల్వే ఉండేది. అమెరికాలోని పెద్ద రైల్వేల్లో చివరిదాకా ఆవిరి ఇంజన్లను నిలుపుకున్నది అదే. అవి పోబోతున్నాయని తెలిసి, 1955 నుంచి 1960 దాకా తన సొంత ఖర్చుతో లింక్ వాటి వెంట తిరిగాడు. ఎక్కువగా రాత్రిపూట తీశాడు. పగలు సూర్యుడు ఎక్కడ ఉంటే అక్కడి నుంచే వెలుగు. రాత్రి అయితే ఎక్కడి నుంచి వెలుగు రావాలో తానే నిర్ణయించుకోవచ్చు. పదుల కొద్దీ ఫ్లాష్ బల్బులను తీగలతో కలిపి, ఇంజను అనుకున్న చోటికి రాగానే ఒక్కసారిగా వెలిగించేవాడు. బల్బులు ఒకసారి వెలిగితే అయిపోయినట్టే, రెండో అవకాశం ఉండదు.

ఇంత యంత్రాంగం పెట్టుకుని కూడా ఆయన ఇంజనును ఒంటరిగా తీసి ఊరుకోలేదు. చాలా ఫోటోల్లో నేపథ్యంలో ఇంజను సాగిపోతుంటే ముందు మనుషులు తమ ఇళ్లలో, వాకిళ్లలో, ఈత కొట్టే చోట, మామూలుగా ఉంటారు. ఆ రైలు పక్కన ఒక ఊరు ఎలా బతికిందో తెలుస్తుంది. శబ్దాలను కూడా టేపు మీద రికార్డు చేశాడు. ఇంజను పని చేసే తీరు ముందే తెలుసుకున్నాడు కాబట్టే అది ఎక్కడ, ఎప్పుడు, ఎలా కనిపిస్తుందో చీకట్లో కూడా ఊహించగలిగాడు. ఆయన సామాను మనకు అక్కర్లేదు. ఆ శ్రద్ధ కావాలి.

శబ్దం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. కల్లార్ దాటి పళ్ల పట్టీ మీదికి ఎక్కినప్పుడు ఇంజను శ్వాస మారుతుంది. కిందినుంచి పళ్లు కరిచే చప్పుడు వినిపిస్తుంది. ఫోను తీసి రెండు నిమిషాలు మాట్లాడకుండా రికార్డు చేయండి. ఫోటో ఎప్పటికీ చెప్పలేని భాగం అది.

ఇంకో ముఖ్యమైన పని, వివరాలు రాసుకోవడం. ఈ మార్గంలో ఇప్పుడు నడిచే ఎక్స్ తరగతి ఇంజన్లన్నీ పాతవి కావు. 2011 నుంచి తిరుచ్చి దగ్గర పొన్మలైలోని గోల్డెన్ రాక్ రైల్వే వర్క్‌షాపు ఇదే నమూనాలో కొత్త ఇంజన్లను తయారు చేసింది. పాతవాటిలో కొన్నిటిని బొగ్గు నుంచి నూనెకు మార్చారు. కూనూరు పైన ఊటీ దాకా మామూలుగా డీజిల్ ఇంజనే నడుస్తుంది. ఇవేమీ రాయకుండా ‘పాత రైలు, ఊటీ’ అని పేరు పెట్టి దాచుకున్న ఫోటో యాభై ఏళ్ల తరువాత ఎవరికీ ఉపయోగపడదు. ఇంజను మీద ఉన్న అంకెలు, తేదీ, చోటు, అది ఎక్కుతున్నదా దిగుతున్నదా, ఈ నాలుగూ ఆ రోజే రాసి పెట్టండి. కొత్త ఇంజను ఫోటో విలువ తగ్గుతుందని అనుకోకండి. వందేళ్ల నాటి నమూనాను మన కార్మికులు మళ్లీ చేత్తో పోతపోసి, చెక్కి, బిగించి నడిపిస్తున్నారు. దాన్ని నమోదు చేయడం కూడా మన పనే.

జాగ్రత్తలు క్లుప్తంగా చెబుతాను. అనుమతి లేకుండా పట్టాల మీదికి, రైల్వే స్థలంలోకి వెళ్లడం రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వంతెనల మీద, సొరంగాల మూతి దగ్గర నిలబడవద్దు. ఘాట్ రోడ్డు నుంచి, స్టేషన్ల నుంచి, రైలు లోపలి నుంచి దొరికేదే చాలు. రైలు నెమ్మదిగా వెళుతుంది కదా అని కారులో దాన్ని వెంటాడకండి. ఆ రోడ్డు మలుపులు అందుకు తగినవి కావు.

చివరగా మన ఊళ్ల మాట. నీలగిరి ఇంకా నడుస్తున్నది కాబట్టి మనం వెళ్లి తీయగలుగుతున్నాం. మన వైపు ఆ అవకాశం పోయింది. నెల్లూరు జిల్లా బిట్రగుంటలో ఆవిరి కాలంలో ఇంజన్లను నిలిపి బాగుచేసే పెద్ద లోకో షెడ్డు ఉండేది. కాజీపేట, గుంతకల్లు వంటి ఊళ్లు రైల్వే పని మీదే పెరిగాయి. ఆ షెడ్లలో డ్రైవర్లుగా, ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా పని చేసినవారి పిల్లలు, మనవలు ఈ గదిలో తప్పకుండా ఉంటారు. వాళ్ల ఇళ్లలో పెట్టెల అడుగున ఫోటోలు ఉన్నాయి. పదవీ విరమణ రోజు ఇంజను ముందు పూలదండతో దిగినవి, షెడ్డు సిబ్బంది వరుసగా నిలబడినవి. అవి తీసినవారికి ఛాయాచిత్రకళ తెలియకపోవచ్చు. ఇంజనుతో పాటు దాన్ని నడిపిన మనిషి, పేరుతో సహా, వాటిలోనే ఉన్నాడు.

వెనుక బల్ల మీద స్కానరు పెట్టించాం, రాత్రి తొమ్మిది దాకా ఉంటుంది. ఫోటోలు వెంట తెచ్చుకున్నవారు తేనీరు తాగి అక్కడికి రండి. ఆల్బం నుంచి బలవంతంగా ఊడదీయవద్దు, పేజీతో సహా స్కాను చేద్దాం. విడిగా ఉన్నవైతే వెనుక వైపు కూడా చేయించండి, తేదీలు, స్టూడియో ముద్రలు అక్కడే ఉంటాయి. ఇంట్లో పెద్దవారు ఉంటే ఈ వారంలోనే వారి పక్కన కూర్చుని, ఫోటోలో ఎడమ నుంచి కుడికి ఎవరెవరో, ఏ షెడ్డో, ఏ ఇంజనో అడిగి రాసుకోండి. వారు చెబుతున్నప్పుడు ఫోనులో రికార్డు కూడా చేయండి.